పైనుంచి మొదలెట్టిన మీగడ రంగు

ఆ ఉదయం అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. తాను ఆఫీసు నుంచి తిరిగొచ్చేసరికి హాలు మీగడ రంగులోకి మారిపోవాలి. ఆఫీసులో అతన్ని అందరూ ‘ఢోకాలేదు’ అనే పిలుస్తారు. ఏ పని చెప్పినా ముందు ఆ మాటే అంటాడు మరి. పని పూర్తయ్యాక అతన్ని ఏమని పిలుస్తారో ఇక్కడ రాయడం బాగోదు.

ఈ రంగు గొడవంతా అత్తగారి వల్ల వచ్చింది. మోకాలి ఆపరేషను చేయించుకుని కూతురింటికి వచ్చిన ఆవిడ, తెల్లటి గోడల మధ్య కళ్ళు తెరిచి, డాక్టరుగారు రౌండ్లకి ఎప్పుడొస్తారని అడిగింది. ఇంకా ఆసుపత్రి వదల్లేదన్న బెంగతో సరిగ్గా తిండి కూడా తినడం లేదు. అది చూడలేక అతని భార్య దుకాణానికి వెళ్ళి రంగుల కార్డు తిరగేస్తే, తెలుపులోనే బోలెడు తెలుపులు కనిపించాయి. పసుపు కలిసీ కలవనట్టున్న ఆ మీగడ రంగు చూడగానే ఆమె ప్రాణం లేచొచ్చింది.

చిక్కల్లా ఇంటిగలావిడతోనే. పై వాటాలో ఉండే ఆ రిటైర్డు హెడ్మిస్ట్రెస్‌కి పైనా కిందా గోడలు తెల్లగానే ఉండాలి. ఇంతకుముందు కింద అద్దెకున్నాయన పడగ్గదికి లేతాకుపచ్చ వేయిస్తే, రంగు ఆరకముందే ఖాళీ చేయించింది. మెట్లెక్కలేని మనిషిని వెంటబెట్టుకుని మళ్ళీ కింద వాటా వెతుక్కోవడమంటే మాటలు కాదు.

“ఆవిడ తమ్ముడింటికెళ్ళింది. వచ్చేలోగా అంతా ఆరిపోతుంది. అడిగితే పాతబడి అలా అయిందందాం. ఢోకా లేదు,” అన్నాడు అతను.

“చాక్‌పీసులు చూసి చూసి పండిన కళ్ళండీ అవి. తెలుపు దగ్గర మోసపోతాయా?” అంది భార్య. అయినా డబ్బాలు కొనేశారు.

అతను మీటింగులో ఉండగా పెయింటరు ఫోను చేసి, ఎక్కడ మొదలెట్టమంటారని అడిగాడు. “పైనుంచే మొదలెట్టు. పైనంతా అయ్యాకే కిందికి రా,” అని గుసగుసగా చెప్పి ఫోను పెట్టేశాడు. ముందు సీలింగు, ఆ తర్వాత గోడలు అని అతని ఉద్దేశం. పెయింటరు మాత్రం మెట్లవంక చూశాడు. పై వాటాకి తాళం వేసుంది. కూతురు కూడా ఆఫీసుకెళ్ళి ఉండటంతో, మొక్కలకి నీళ్ళు పొయ్యమని ఇంటిగలావిడ ఇచ్చి వెళ్ళిన తాళంచెవిని అత్తగారే వెతికి మరీ ఇచ్చింది. అల్లుడు చెప్పాడంటే దానికి తిరుగుండదని కూడా భరోసా ఇచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చి, గోడలు ఎక్కడివక్కడే తెల్లగా ఉండటం చూసి అతనికి ఒళ్ళు మండింది. ఫోనులో పెయింటరుని చెడామడా దులిపేశాడు. అవతలివాడు ఓపిగ్గా అంతా విన్నాడు.

“హాలు మొత్తం రెండు కోట్లూ అయిపోయాయి సార్. సామాన్లు కూడా ఎక్కడివక్కడ సర్దేశాం. మీరన్నట్టే, పైన.”

అతను ఫోను పెట్టేసి భార్యకి సంగతి చెప్పాడు. ఉన్నమాట చెప్పి కాళ్ళు పట్టుకుందామంది భార్య. పొద్దున్నే మళ్ళీ తెలుపు కొట్టించేస్తే మూడో కంటికి తెలియదని అతను వాదించాడు. ఆ వాదన తేలకుండానే గేటు ముందు ఆటో ఆగింది. తమ్ముడితో మాటామాటా వచ్చి ఇంటిగలావిడ తిరిగొచ్చేసింది.

నెత్తిమీద ఆవిడ అడుగులు వినిపించాయి. హాల్లో కాసేపు ఆగాయి. మళ్ళీ మెట్ల మీదుగా విసవిసా దిగొచ్చాయి. అతను చేతులు కట్టుకుని, ఏదో పొరపాటు జరిగిపోయిందని నసగడం మొదలెట్టాడు.

“పొరపాటా? తలుపు తియ్యగానే నా ఇల్లంతా రంగు కంపు కొడుతుంటేనే అనుకున్నాను, కింద మీరేదో వెలగబెట్టారని,” అందావిడ. కళ్ళజోడు సవరించుకుని గోడ దగ్గరికెళ్ళి వేలితో రుద్దింది. “నేనిచ్చింది తెల్లటి ఇల్లు. ఈ నీలం ఎవరు వెయ్యమన్నారు?”

అతను గోడవైపు చూశాడు. దానిమీద ఎవరూ బ్రష్షు పెట్టలేదు, అదే పాత తెలుపు.

“నేనిప్పుడే పైన నా గోడలు చూసొచ్చాను. తెలుపంటే అదీ. రేపే ఇక్కడ కూడా అచ్చం అదే పడాలి. లేదంటే సామాను సర్దుకోండి.”

మంచం మీంచి అత్తగారు గర్వంగా గొంతు సవరించుకుంది. “మా అల్లుడు చెప్పబట్టే కదమ్మా పైన...” అంటుండగానే కూతురు పరుగున వెళ్ళి, వేళకాని వేళ తల్లి నోట్లో మాత్ర వేసింది. అతను తలొంచుకుని, పైదానికి వీసమెత్తు తేడా రానివ్వనని మాటిచ్చాడు.

మర్నాడు పెయింటరు అదే మీగడ రంగు డబ్బాలు మళ్ళీ తెచ్చి తెరిచాడు. ఇంటిగలావిడ కుర్చీ వేసుకుని దగ్గరుండి మరీ వేయించింది. మొదటి గోడ పూర్తవుతుండగానే అత్తగారు ఇంటికెప్పుడొచ్చామని అడిగి, ఆకలేస్తోందంది. అతని భార్య కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

తెలుపంటే ఏమిటో అద్దెకున్నవాళ్ళకి ఇంటిగలవాళ్ళే నేర్పాలి.