పోయిన రెక్టిఫయర్లు

ఆ ఉదయం కంపెనీ సూపర్‌వైజరు వేసుకున్న పథకం చిన్నదే. జనరేటర్‌లో కాలిపోయిన రెక్టిఫయర్లు తీసేసి కొత్తవి బిగించాలి. డైరెక్టరుగారు వచ్చేసరికి చేతులు కడుక్కుని నవ్వుతూ నిలబడాలి. చీఫ్ మెకానిక్ పోస్టు ఎవరికివ్వాలో ఆయన తేల్చేది ఇవాళే. అది మొగుడికే వస్తుందని ఇల్లాలు అప్పుడే చుట్టాలందరికీ చెప్పేసింది.

పాతవి విప్పి జేబులో వేసుకుని, మేనేజరుకు ఫోన్ చేశాడు.

"సార్, రెక్టిఫయర్లన్నీ పోయాయండీ!"

"అన్నీనా?"

"ఒక్కటీ మిగల్లేదు సార్. నేను చూసుకుంటాలెండి."

సగం విని మొత్తం అర్థం చేసుకోవడం మేనేజరు ప్రత్యేకత. "నువ్వేం చూస్తావయ్యా, నేనే చూస్తా!" అంటూ ఫోన్ పెట్టేసి, దొంగలు పడ్డారని గేట్లు మూయించాడు. ఆ ఊపులో గార్డు డైరెక్టరుగారి కారు కూడా ఆపి డిక్కీ తెరిపించాడు. ఆయన ముందు మండిపడ్డారు గానీ, సంగతి విన్నాక మురిసిపోయారు.

"శభాష్! సెక్యూరిటీ అంటే ఇలా ఉండాలి!"

ఇక గార్డుకి పట్టపగ్గాల్లేవు. కనిపించినవాడి జేబల్లా తడిమాడు. సూపర్‌వైజరు జేబులోంచి రెక్టిఫయర్లు గలగలమంటూ రాలాయి.

"సార్! పోయినవి దొరికాయి!"

"ఓరి నాయనో, అవి పోయాయనే కదా తీశాను!"

"తీశానని ఒప్పేసుకున్నాడు సార్!"

"పాడయ్యాయి బాబూ! కొత్తవి అవిగో, పెట్టెలో ఉన్నాయి!"

మేనేజరుకు విషయం అర్థమైంది. కానీ అప్పటికే డైరెక్టరుగారు ఆయన భుజం తడుతున్నారు. అలాంటి భుజాన్ని ఎవరు వెనక్కి లాక్కుంటారు?

"దొరికినవి ఉండగా కొత్తవెందుకు? వాపసు పంపండి. ఇవే నా ఎదురుగా బిగించండి," అన్నారు డైరెక్టరుగారు. పెద్ద మనసు చేసుకుని పోలీసుల్ని మాత్రం పిలవనన్నారు.

సూపర్‌వైజరుకు ఏడుపొక్కటే తక్కువ. కాలిన ముక్కల్నే మళ్ళీ బిగించాడు. పరీక్ష కోసం మెయిన్ కరెంటు ఆపి జనరేటర్ వేశారు. చప్పుడు ఊరంతా వినిపించింది. బల్బు ఒక్కటీ వెలగలేదు.

"ఏమైందయ్యా?"

"అవి పోయినవి సార్!"

"దొరికాక కూడా పోయినవేనంటాడేంటి?" అని డైరెక్టరుగారు మేనేజరును అడిగారు. మేనేజరు ఆగిపోయిన ఫ్యానువైపు చూశాడు.

చీఫ్ మెకానిక్ పోస్టు గార్డుకిచ్చారు. ఆ పోస్టుకు కావలసింది చురుకుదనమట. కుర్చీలో కూర్చోగానే అతను సూపర్‌వైజరును దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, "అన్నా, ఇంతకీ రెక్టిఫయరంటే ఏంటి?" అన్నాడు.

ఆ కంపెనీలో ఆ ప్రశ్న అడిగిన మొదటి అధికారి అతనే.