అద్దాల పెట్టెలో పానా

ఒక బోల్టును ఎంత బిగించాలన్నది మనిషి ఇష్టానికి వదిలేయదగిన విషయం కాదనీ, నాగరికత మొదలయ్యేది అక్కడేననీ రియాద్‌లోని ఒక మెయింటెనెన్స్ కంపెనీ కనిపెట్టింది. అది కనిపెట్టడానికి ముందు ఒక మనిషి చచ్చిపోవలసి వచ్చింది. (కంపెనీలు అంతకంటే తక్కువకు ఏదీ కనిపెట్టవు.)

ఆ మనిషి పేరు అల్లాబకాష్. రాయచోటివాడు, కంపెనీ డ్రైవరు. చక్రం బిగించాలంటే పానా తగిలించి, దాని మీద రెండు కాళ్ళతో ఎక్కి, బిస్మిల్లా అంటూ ఎగిరి తొక్కడం అక్కడి డ్రైవర్ల ఆచారం. బండి మొత్తం ఊగితేనే బోల్టు బిగిసినట్టు. అలా తొక్కించుకుని తొక్కించుకుని సాగిపోయిన బోల్టులు ఒకనాడు ఉనైజా దారిలో తెగాయి. చక్రం ఒక వైపు, అల్లాబకాష్ ఒక వైపు వెళ్ళిపోయారు.

కంపెనీ దుఃఖించింది. దుఃఖాన్ని వృథా పోనివ్వకుండా చక్రాల భద్రతా శాఖను స్థాపించింది. విదేశం నుంచి ఒక టార్క్ పానా తెప్పించింది. ఎంత బిగువు కావాలో పిడి మీద అంకె పెట్టుకుంటే, బోల్టు అక్కడికి చేరగానే టిక్కుమని, ఇక చాలు అని చెప్పే పానా అది. దాన్ని అద్దాల పెట్టెలో ఉంచి, కింద ఇత్తడి పలక మీద అల్లాబకాష్ పేరు చెక్కించి, తాళం వేసింది. ఆ తాళం తీయగా చూసినవాళ్ళు లేరు. డ్రైవర్లు ఎప్పటిలాగే తొక్కుతూ వచ్చారు.

1991 జనవరిలో రియాద్ మీద స్కడ్ క్షిపణులు పడసాగాయి. వెళ్ళగలిగినవాళ్ళు ఊరు విడిచి వెళ్ళవచ్చునని కంపెనీ ఉదారంగా ప్రకటించింది. (ఎలా వెళ్ళాలో చెప్పడం ఉదారత కిందికి రాదు.) అల్లాబకాష్ చెల్లెలు బీబీజాన్ అదే కంపెనీ తరఫున ఆసుపత్రి ఊడ్చేది. ఆమెకు ఆరో నెల. ఆమె భర్త లాల్ అహ్మద్ కూడా కంపెనీ డ్రైవరే. అతనికొక పాత కారుంది. కంపెనీ వంటమనిషి బుచ్చన్న తమ్ముడు ఉనైజాలో ఖర్జూర తోటలో పని చేస్తూ, వస్తే గది ఇస్తానన్నాడు. ఇంకేం కావాలి? లాల్ అహ్మద్ క్వార్టరు ముందే కారును జాకీ మీద లేపి, అరిగిన బ్రేకు ప్యాడ్లు మార్చి, చక్రాలు ఎక్కించి, పానా మీద కాలు పెట్టాడు.

"దిగు," అంది బీబీజాన్ గుమ్మంలోంచి.

"ఏమ్మే?"

"మా అన్ననూ ఇట్లనే తొక్కి పంపించినారు. ఆయన పేరు రాసిపెట్టిన పానా ఉండాది గదా. దాంతో బిగిస్తేనే నేనెక్కేది."

"నెత్తిన బాంబులు పడతాంటే నీకు పానా కావల్నా?"

"బాంబు పడితే అల్లా రాత. చక్రం ఊడితే నీ చేతిరాత. నీ చేతిరాత మీద నాకు నమ్మకం ల్యా."

బజారులో పనిముట్ల దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. లాల్ అహ్మద్ భద్రతా శాఖ మెట్లెక్కాడు. శాఖాధిపతి గౌస్ మొహిద్దీన్ హైదరాబాదువాడు. మెడలో గ్యాస్ మాస్కు వేలాడేసుకుని, అద్దాల పెట్టెకు కాపలాగా కూర్చుని ఉన్నాడు. సంగతంతా విని, ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి కార్డు, అడిగాడు.

ఇకామాలో లాల్ అహ్మద్ వృత్తి మంగలి. అతను బయలుదేరిన రోజున ఏజెంటు దగ్గర ఆ వీసాలే మిగిలి ఉన్నాయి. (ఇకామా మీద రాసినదే మనిషి వృత్తి. రోజూ చేసేది కేవలం దురలవాటు.)

"అరే మియా, హజామ్ చేతికి టార్క్ పానా ఎట్లిస్త? ఆథరైజ్డ్ మెకానిక్ కావాలె. ప్రొసీజర్ ఉంటది."

"సార్, నాకు మీసాలు రాకముందు నుంచి బండ్లు ఇప్పతా బిగిస్తా ఉండా."

"అంటే అప్పటి నుంచి ఇల్లీగల్ అన్నట్టు. నేను వినలే, నువ్వు చెప్పలే."

వెతగ్గా వెతగ్గా, కంపెనీ మొత్తంలో ఇకామా మీద మెకానిక్ అని ఉన్నవాడు ఒక్కడే దొరికాడు. వంటమనిషి బుచ్చన్న. పప్పు గరిటెతోనే అతన్ని పిలిపించారు.

"నాకేమెరుకనే లాల్ భాయ్! గరిటైతె తిప్పుత. దీన్ని ఎటు తిప్పుతరో గూడ తెల్వది."

"నేను చెప్తాలే బుచ్చన్నా. నువ్వు పట్టుకో, సాలు."

"నై," అన్నాడు గౌస్. "అనాథరైజ్డ్ పర్సన్ చెప్పొద్దు. మెకానిక్ సొంతంగ చెయ్యాలె."

"గట్లయితె సారూ, నేను బిగిచ్చిన బండి మీరెక్కుతరా?"

ఈ ప్రశ్నకు ప్రొసీజర్‌లో జవాబు లేదు కనుక గౌస్ తర్వాతి అంశానికి వెళ్ళాడు. "ఇంకొకటి. పానా ఈ రూం దాటొద్దు. కారు ఇక్కడికి తేవాలె."

"మిద్దె మీదికా సార్?"

"కారెందుకు మియా? టైర్లు విప్పి తీస్కరా. ఇక్కడ బిగిస్తరు."

"దేనికి బిగిస్తారు సార్?"

గౌస్ ఇకామాను తిరిగి అతని చేతిలో పెట్టాడు. "అది మెకానికల్ మేటర్. నాది సేఫ్టీ."

చివరికి ఆయన మనసు కరిగింది. ప్రత్యేక అనుమతి కోసం పై అధికారితో మాట్లాడతానన్నాడు. పొద్దున్నే రమ్మన్నాడు. లాల్ అహ్మద్ పొద్దున్నే వెళ్ళేసరికి పెట్టె ఖాళీగా ఉంది. తలుపు మీద ప్రకటన ఉంది: యుద్ధ పరిస్థితుల్లో అమూల్యమైన భద్రతా పరికరాన్ని రియాద్‌లో ఉంచడం క్షేమం కాదు కనుక, శాఖాధిపతి దానిని స్వయంగా జెద్దాకు తరలించారు.

"నేను జూసిన లాల్ భాయ్," అన్నాడు బుచ్చన్న. "ఎనుక సీట్ల పండవెట్టి బెల్టు పెట్టిండు. సలి పెడ్తదని దుప్పటి గూడ కప్పిండు."

"కాలు పెట్టను. చేత్తోనే, నిదానంగా బిగిస్తా," అని లాల్ అహ్మద్ భార్యను బతిమాలాడు.

"మా అన్నకూ అట్లనే చెప్పింటారు," అని ఆమె కిటికీ అద్దాలకు టేపు అంటించుకోవడంలో పడింది.

కారు వాళ్ళ కిటికీ కిందే నిలబడి ఉంది. ఒక సాయంత్రం సైరన్ మోగింది. విషవాయువు రాకుండా తలుపు సందులో తడిగుడ్డలు కుక్కి ఇద్దరూ స్నానాలగదిలో కూర్చున్నారు. క్షిపణి ఎక్కడో దూరంగానే పడింది. కానీ గోడలు అదిరాయి, అద్దాలు పగిలాయి. ఉలిక్కిపడి లేచిన బీబీజాన్ తడినేల మీద జారి బోర్లా పడింది. ఏ ఆసుపత్రిని ఆమె ఊడ్చేదో ఆ ఆసుపత్రికే తీసుకువెళ్ళారు. ఆమెను కాపాడారు. ఆమెను మాత్రమే.

యుద్ధం ముగిసింది. పానా గీత పడకుండా తిరిగి వచ్చింది. ఆ సందర్భంగా భద్రతా దినోత్సవం జరిపి, దివంగత అల్లాబకాష్ సోదరి హోదాలో బీబీజాన్‌ను ముఖ్య అతిథిగా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు. లాల్ అహ్మద్‌కు వెనక గోడ దగ్గర నిలబడటానికి చోటు దొరికింది. గౌస్ మొహిద్దీన్ గొంతు సవరించుకుని వార్షిక నివేదిక చదివాడు. అంతటి యుద్ధంలోనూ ఈ శాఖ పరిధిలో ప్రాణనష్టం సున్నా అని ప్రకటించాడు. (స్నానాలగది చక్రాల శాఖ పరిధిలోకి రాదు.)

అందరూ చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి కనుక బీబీజాన్ కూడా కొట్టవలసి వచ్చింది.