గార్డుగారి రిజిస్టరులో కొత్త కంప్యూటరు

ఆ రోజు పొద్దున్న కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కొత్త కంప్యూటరును ఒకసారి ఆన్ చేసి చూసుకోవడం, తొమ్మిదింటికి స్నానం, ఆ తర్వాత సాయంత్రం నాలుగింటిదాకా భార్య కంటపడకుండా బుద్ధిగా ఉండడం. నాలుగింటికి ఆవిడకు పరీక్ష. చీమల మీద ఎనిమిదేళ్ళు చేసిన పరిశోధన గురించి ముగ్గురు పరీక్షకులు ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, కంప్యూటరులోనే ప్రశ్నలు వేస్తారు. మధ్యలో రెండుసార్లకు మించి లైను తెగిపోతే పరీక్ష వాయిదా, మళ్ళీ ఆరు నెలల తర్వాతే. ఫోనులో కుదరదని విశ్వవిద్యాలయం వాళ్ళు మూడు ఉత్తరాలు రాశారు.

ఆ కంప్యూటరును ఆయన స్వయంగా బిగించాడు. బిగించింది దుకాణంలో దొరుకుతుంది కదా అని ఎందరు చెప్పినా చెవిన పెట్టలేదు. "రోజంతా కళ్ళజోళ్ళకి నువ్వుగింజంత స్క్రూలు బిగిస్తాను. ఇందులో మాత్రం ఏముంది, అన్నీ స్క్రూలేగా!" అన్నాడు. నాలుగు సాయంత్రాలు కష్టపడి బిగించి, పెట్టెను బల్ల కింద అమర్చి, ఆ ఉత్సాహంలో పాత కంప్యూటరును ఎవరికో ఇచ్చేశాడు కూడా. ఇచ్చేటప్పుడు భార్యను అడగాలని తోచలేదు.

ఎనిమిదీ ఆరుకు తెర నల్లబడింది. లోపల ఏదో గుర్రుమని, కంప్యూటరు మళ్ళీ మొదటినుంచి మొదలైంది.

"కొత్తది కదా, అలవాటు పడుతోంది," అన్నాడు కళ్ళజోళ్ళాయన. ఎనిమిదీ ఇరవైకి అది ఇంకోసారి అలవాటు పడింది.

వెనకాల పడక్కుర్చీలో ఆయన మామగారున్నారు. రైళ్ళలో ముప్పైనాలుగేళ్ళు గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. నడుస్తున్నది ఏదైనా ఆగితే, ఎన్ని గంటలకు ఆగిందో రాసుకోకపోతే ఆయనకు నిద్రపట్టదు. లోపలికెళ్ళి పొడుగాటి రిజిస్టరొకటి తెచ్చి, స్కేలు పెట్టి గళ్ళు గీసి, మొదలుపెట్టారు: "8.06 నిలిచెను. 8.07 బయలుదేరెను. కారణము: తెలియదు." చివర ఇంకో గడి గీసి, పైన "కుర్చీలో ఎవరు" అని రాశారు.

"అదెందుకు మామగారూ? ఉన్నది మనిద్దరమేగా!"

"బండి ఎవరు నడిపారో రాయకపోతే, రేపు విచారణలో అది నా మెడకు చుట్టుకుంటుంది అల్లుడుగారూ."

"మీ ఇష్టం. అమ్మాయికి మాత్రం చెప్పకండి, మీకు పుణ్యముంటుంది. కంగారుపడుతుంది."

అమ్మాయి పడకగది తలుపేసుకుని, అద్దం ముందు నిలబడి చీమల గురించి అద్దానికి వివరిస్తోంది.

కళ్ళజోళ్ళాయన ఫోనులో వెతికాడు. మెమరీ పలకలు సరిగ్గా కూర్చోకపోతే ఇలా అవుతుందని ఎవరో రాశారు. వాటిని ఊడదీసి, రబ్బరుతో రుద్ది, దుమ్ము ఊది మళ్ళీ గుచ్చాడు. కుర్చీలో కూర్చుని చూశాడు. తొమ్మిదీ పద్దెనిమిదికి నిలిచెను. వేడెక్కి ఆగుతోందని ఇంకెవరో రాశారు. పెట్టె పక్క రేకు విప్పేసి, టేబుల్ ఫ్యాను తెచ్చి నిండు వేగంతో తిప్పాడు. కంప్యూటరు చల్లబడిందో లేదో తెలియదు గాని, బల్లమీదున్న భార్య పరిశోధన గ్రంథం రెండువందల పేజీలూ గదంతా ఎగిరాయి. మామగారు వంగి వంగి ఏరి, చేతికి దొరికిన వరసలో పేర్చారు. అందులో రాణి చీమ ముందు చనిపోయి, తర్వాత పుట్టింది.

పదిన్నరకు ఆయన అనుమానం కరెంటు మీదికి మళ్ళింది. కింద నీళ్ళ మోటారు తిరుగుతోంది. ఒక్క పరుగున దిగి దాన్ని ఆపేసి, ఎవరూ మళ్ళీ వెయ్యవద్దని అంతస్తు అంతస్తునా బతిమాలి, ఇరవై నిమిషాలకు రొప్పుతూ పైకొచ్చాడు.

"మీరు వెళ్ళింది మొదలు ఒక్కసారి కూడా ఆగలేదండీ," అన్నారు మామగారు.

"చూశారా! దొంగ దొరికాడు! మోటారే!" అంటూ ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆరు నిమిషాలు గడిచాయి. నిలిచెను.

అయితే మోటారొక్కటే కాదన్నమాట. ఫ్రిజ్ ప్లగ్గు పీకడానికి వెళ్ళాడు. వెళ్ళినంతసేపూ కంప్యూటరు చక్కగా నడిచింది. అయితే ఫ్రిజ్జే. వచ్చి కూర్చున్నాడు, ఆగిపోయింది. ఈ లెక్కన మధ్యాహ్నానికల్లా గీజరు, వాషింగ్ మెషీను, చివరికి పాపం కాలింగ్ బెల్లు కూడా ముద్దాయిలయ్యాయి. స్నానం సంగతి ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. నిజానికి గుర్తున్నా లాభం లేదు, ఎందుకంటే ఒంటిగంటకు మేడమీది ట్యాంకు ఖాళీ అయింది.

ఆ విషయం చెప్పడానికి పైవాటా సంగీతం మాస్టారు వచ్చారు. తలంతా సబ్బు నురగ, నడుముకు తువ్వాలు.

"మోటారు ఎవరాపారండీ? కళ్ళు మండిపోతున్నాయి!"

విషయం విన్నాక ఆయన కోపం మర్చిపోయి, "ఏదీ, నన్ను చూడనివ్వండి," అంటూ కుర్చీలో సర్దుకున్నారు. తొడమీద తాళం వేసుకుంటూ, ఒంటికన్నుతో తెరను చూస్తూ, సన్నగా ఏదో రాగం తీశారు. పావుగంట. అరగంట. కంప్యూటరు చీమకుట్టినట్టయినా లేకుండా నడిచింది.

"నాదానికి లొంగనిదేముంది!" అన్నారు మాస్టారు.

కళ్ళజోళ్ళాయన చేతులు జోడించాడు. "మాస్టారూ, సాయంత్రం అయిదింటిదాకా ఇలా పాడుతూ ఉండగలరా?"

"తల కడుక్కుని వచ్చి పాడతాను."

మాస్టారు లేచారు. కళ్ళజోళ్ళాయన కూర్చున్నాడు. నిలిచెను. మామగారు పదకొండో వరస పూర్తి చేశారు. కళ్ళజోళ్ళాయన తల పట్టుకున్నాడు. తన స్క్రూల పిచ్చికి భార్య ఎనిమిదేళ్ళ కష్టం మట్టిపాలవుతోందని ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే, మొహం కడుక్కుందామంటే కుళాయిలో చుక్క నీరు లేక, ఆవిడ గదిలోంచి బయటికొచ్చింది. విప్పిన పెట్టె, గిర్రున తిరిగే ఫ్యాను, నురగతో మాస్టారు, రిజిస్టరుతో తండ్రి, కళ్ళనీళ్ళతో భర్త కనిపించారు.

"ఎన్నిసార్లు ఆగింది నాన్నా?" అంది. ఏమైందని అడగాల్సిన అవసరం రాలేదు.

"పదకొండు, తల్లీ."

"పొద్దున్నుంచీ నాకెందుకు చెప్పలేదండీ?"

"కంగారుపడతావనీ..." అని నసిగాడు భర్త.

"ఇప్పుడు హాయిగా ఉందా మరి?" ఆవిడ గడియారం కేసి చూసింది. రెండున్నర. ఇంకో కంప్యూటరు కోసం ఊరి మీద పడే వ్యవధి లేదు. తండ్రి చేతిలోంచి రిజిస్టరు లాక్కుని చదివింది. ఒకసారి పైనుంచి కిందికి, ఇంకోసారి చివరి గడి మాత్రమే.

"ఏమండీ, కుర్చీలో కూర్చోండి. ఏమీ చెయ్యకండి. ఊరికే చూస్తూ ఉండండి."

ఆయన కూర్చున్నాడు. ఆవిడ బల్ల పక్కన నేలమీద బోర్లా పడుకుంది. ఎనిమిదేళ్ళుగా గంటల తరబడి అలా పడుకుని చూడడమే ఆవిడ పని. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగలేదు. ఆ తర్వాత, పైన ఆయన ఆదుర్దా పెరిగేకొద్దీ, కింద కుడికాలు ఊగడం మొదలైంది. ముందు మెల్లగా, తర్వాత కుట్టుమిషను తొక్కుతున్నట్టు. ఊగి ఊగి, బొటనవేలు ముందుకు సాగి, పెట్టె ముందువైపు కింది మూల ఉన్న చిన్న బొత్తాన్ని టుక్కున నొక్కింది.

పైన తెర నల్లబడింది.

"మళ్ళీ ఆగింది! నేనసలు ముట్టుకోనేలేదు!" అన్నాడాయన.

"కాలు కదపకండి!" అని బల్ల కిందినుంచి కేక వినిపించింది. "అలాగే ఉంచండి! నాన్నా, వంగి చూడండి!"

మొండికేసిన కంప్యూటరును మళ్ళీ మొదలుపెట్టించే బొత్తం అది. దానికి తీగ కలిపింది కూడా ఆయనే. మామగారు వంగి చూశారు, లేచారు, కళ్ళజోడు సవరించుకుని రాశారు: "కారణము: అల్లుడుగారి బొటనవేలు."

ఆవిడ నేలమీదే చతికిలబడి, కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. పొద్దున్నుంచి చీమలతో బిగుసుకుపోయిన ప్రాణం ఒక్కసారిగా తేలికపడింది. పెట్టె బల్లమీదికెక్కింది. మోటారు తిరిగింది, మాస్టారు తల కడుక్కున్నారు, రాణి చీమ ముందు పుట్టి తర్వాత చనిపోయింది. పరీక్ష అయ్యేదాకా భర్త వంటింట్లోనే ఉండాలని తీర్మానించారు. ఆయన స్టూలుమీద కూర్చుని, రెండు మోకాళ్ళనూ రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

నాలుగింటికి పరీక్ష మొదలైంది. నాలుగూ ఇరవైకి, ఆవిడ చీమల బారుల గురించి చెబుతూ చెబుతూ ఆగిపోయింది. వంటింట్లో భర్త కంగారుగా తన కాళ్ళకేసి చూసుకున్నాడు. అవి కదల్లేదు.

తెరమీద ప్రధాన పరీక్షకుడు మాయమయ్యారు. నాలుగు నిమిషాలకు తిరిగొచ్చి, "మన్నించమ్మా, మావైపే ఏదో... చెప్పు," అన్నారు. ఆవిడ చెప్పింది. జవాబు రసపట్టులో ఉండగా ఆయన మళ్ళీ మాయమయ్యారు. ఇది రెండోసారి. ఎవరివైపు తెగితే లెక్కలోకి వస్తుందో నిబంధనలో లేదు. ఇంకొక్కసారి తెగితే ఆరు నెలలు. మిగతా ఇద్దరు పరీక్షకులూ నిబంధనల కాగితం తిరగేస్తున్నారు.

ప్రధాన పరీక్షకుడు తిరిగొచ్చారు. "కొత్త కంప్యూటరమ్మా. ఇంట్లో వద్దంటున్నా నేనే బిగించుకున్నాను. మనం ఆసక్తిగా వింటున్నప్పుడే ఆగి చస్తోంది."

ఆవిడ ఒక్క క్షణం తటపటాయించింది. పరీక్షించేవాళ్ళను ప్రశ్న అడగవచ్చో లేదో ఆవిడకు తెలియదు.

"సార్, పెట్టె ఎక్కడ పెట్టుకున్నారండీ?"

"బల్ల కింద, కాళ్ళ దగ్గర. ఏం?"

"ఒక్కసారి వంగి, మీ కుడికాలు ఎక్కడుందో చూసుకుంటారా?"

పెద్దాయన వంగారు. తెరమీద ఖాళీ కుర్చీ ఒక్కటే చాలాసేపు కనిపించింది. తర్వాత కిందినుంచి, "ఓరి దేవుడా!" అని వినిపించింది.

ఆ తర్వాత గంటసేపు ఎక్కడా ఏదీ తెగలేదు. అయిదున్నరకు ముగ్గురూ ఆవిడను "డాక్టరుగారూ" అని పిలిచారు. ఆవిడ వంటింట్లోకి పరుగెత్తింది. భర్త మోకాళ్ళు వదిలిపెట్టి ఆవిడ చేతులు పట్టుకున్నాడు.

వారం తర్వాత వచ్చిన నివేదికలో, అభ్యర్థికి అసాధారణమైన పరిశీలనా శక్తి ఉందని ప్రధాన పరీక్షకుడు రాశారు. దేన్ని పరిశీలించినందుకో మాత్రం రాయలేదు.