గాయం లేని పంది

సోమవారం ఉదయం పదకొండు గంటలకు పరిశోధనాలయం మెట్ల మీద ఆరోగ్య మంత్రిగారు ఒక ప్రకటన చేశారు. మన మందు రాస్తే తెగిన చర్మం మానడమే కాదు, సాగే గుణం కూడా తిరిగొస్తుందట. గురువారం ప్రయోగశాల పందిని తెప్పించి, విలేకరుల ముందు స్వయంగా లాగి చూపిస్తారట.

ఆ పందికి మందు రాస్తున్న డాక్టరమ్మ ఈ సంగతి టీవీలో చూసి తెలుసుకుంది. వెంటనే మంత్రిగారి పీఏకి ఫోన్ చేసింది.

"గాయం మూసుకుంది సార్. సాగే పోగులే రాలేదు. రంగేసి మైక్రోస్కోపులో చూస్తే నల్లగీతల్లా కనబడాలి. పోయిన నెల ముక్క కోసి చూశాను, ఒక్కటీ లేదు. ఇప్పుడు లాగితే మచ్చ చిరుగుతుంది."

"ఎప్పటికొస్తాయి?"

"అసలు వస్తాయో రావో చూడాలనే దాన్ని సాకుతున్నాను."

"మంత్రిగారు వచ్చాయన్నాక మళ్ళీ వస్తాయో రావో అంటారేంటమ్మా?"

పీఏ సమర్థుడు. బుధవారానికల్లా ఇంకో పందిని దింపించాడు.

"దీనికి గాయమే లేదు కదా!"

"అంత బాగా మానిందన్నమాట."

గురువారం మంత్రిగారు దాని చర్మం పట్టి లాగారు. వదలగానే వెనక్కి పోయింది. గాయం ఎక్కడని ఒక విలేకరి అడిగాడు. "వెతుక్కోండి," అన్నారు మంత్రిగారు. అందరూ పంది చుట్టూ తిరిగి వెతికారు. దొరకలేదు. చప్పట్లు కొట్టారు. పంది మెడలో పతకం వేశారు.

"ఒక అద్భుతానికి రెండు పందులేంటి? ఎవడైనా ఫొటో తీస్తే కొంప మునుగుతుంది. ఆ మచ్చదాన్ని తీసెయ్యండి," అన్నాడు పీఏ.

"రెండు నెలలు ఆగండి సార్, మీకు దణ్ణం పెడతాను. ప్రయోగం మధ్యలో ఉంది."

"సక్సెస్ అయ్యాక ఇంకా ప్రయోగమేంటి?"

శుక్రవారం ఆ మచ్చ పందికి ప్రాణం తీసే ఇంజెక్షన్ డాక్టరమ్మే ఇచ్చింది. వేరేవాళ్ళ చేతిలో అది బెదురుతుంది. తర్వాత మచ్చలోంచి ఒక ముక్క కోసి దాచింది.

సోమవారం ఆ ముక్కకి రంగేసి చూసింది. మచ్చ మధ్యలో నల్లగీతలున్నాయి. సన్నగా, తెగితెగి ఉన్నాయి. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఉన్నాయి. పీఏకి ఫోన్ చేసింది.

"వచ్చాయి సార్! సాగే పోగులు వచ్చాయి!"

"పాత వార్త డాక్టరమ్మా. మంత్రిగారు పోయిన వారమే చెప్పారు."

"ఇంకెంత పెరిగేవో చూడాలంటే ఆ పంది ఉండాల్సింది సార్."

"పందికేం, నిక్షేపంగా ఉంది. మంత్రిగారి బంగళా తోటలో తిరుగుతోంది."

ఆ సాయంత్రం బంగళా తోటలో విదేశీ ప్రతినిధులు పతకం వేసుకున్న పంది చర్మాన్ని లాగి చూశారు. వెనక్కి పోయింది.