ఉత్త గీతకు అగ్రస్థానం

మానవజాతి కనిపెట్టిన వాటన్నిటిలోకీ మహత్తరమైనది సీనియారిటీ జాబితా. నిప్పూ, చక్రమూ అంతకంటే ముందే వచ్చాయి గనుక వాటికి తగిన గౌరవం ఇవ్వవలసిందే గానీ, వాటితో కార్యాలయం నడవదు. ఈ సంగతి తెలియక ఒక వెబ్‌సైట్‌ను పనిచేసేలా కట్టాలనుకున్న అమ్మాయి కథ ఇది.

ఆ నగర కార్యాలయంలో పదకొండు శాఖలు, పదకొండు వెబ్‌సైట్లు. జనం తికమకపడుతున్నారని, ఇకమీదట అందరికీ ఒకే గుమ్మం ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పని కంప్యూటర్ విభాగానికి అప్పగించారు. (విభాగమంటే ఒక గది, రెండు కుర్చీలు, ఒక ఉద్యోగిని. రెండో కుర్చీ విరిగింది.) అప్పటినుంచి ఆమెను అందరూ దారులమ్మాయి అనసాగారు.

ఆమె కట్టిన ప్రోగ్రాము గుమ్మంలో కాపలా కూర్చుంటుంది. వచ్చిన అడ్రసులో ఏటవాలు గీత తర్వాత ఏ మాట ఉందో చూస్తుంది. నీళ్లు అని ఉంటే నీటి శాఖకు, ఆసుపత్రి అని ఉంటే ఆసుపత్రికి పంపుతుంది. దాని చేతిలో ఒక జాబితా. పైనుంచి చదువుకుంటూ వచ్చి, మొదట ఏ వరుస సరిపోతే అక్కడికి తోసేసి, ఇక కిందికి చూడదు. గుమ్మానికి పేర్లు మాత్రం రెండు: ప్రజలకొకటి, సిబ్బందికొకటి. ఏ పేరుతో తలుపు తడితే ఆ జాబితా తీస్తుంది. అంతే దాని తెలివి. (ఇంకాస్త ఉంటే దాన్ని కూడా బదిలీ చేసేవారు.)

పది శాఖలు తలా ఒక మాట ఎంచుకున్నాయి. మిగిలింది ఉద్యానవనాల శాఖ. దానికి రెండేళ్లుగా ఒక్క దరఖాస్తు కూడా రాలేదు.

"మీ శాఖకి ఏ మాట పెట్టమంటారు సార్?" అని అడిగింది దారులమ్మాయి.

"నూట పన్నెండేళ్ల శాఖమ్మా మాది. ఈ బిల్డింగు లేనప్పుడు ఇక్కడ తోటే ఉండేది. మాకు వేరే మాటెందుకు? ఉత్త గీత చాలు," అన్నాడు డైరెక్టర్.

మంచిదే అనుకుంది. ఎక్కడా ఇమడని దరఖాస్తులకు ఎలాగూ ఒక దిక్కుండాలి. ఉత్త గీతను జాబితాలో అట్టడుగున రాసి ఆమోదానికి పంపింది. ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. "సీనియారిటీ ప్రకారం ఉద్యానవనాల శాఖ మొదటి వరుసలో ఉండవలెను."

"సార్, ఆ గీత ప్రతి అడ్రసులోనూ ఉంటుంది. మీది పైన పెడితే ఊళ్లో దరఖాస్తులన్నీ మీ దగ్గరికే వచ్చేస్తాయి!"

"రానీ అమ్మా. ఇన్నాళ్లకి మమ్మల్ని తలుచుకునేవాళ్లు దొరికారు."

వచ్చాయి. వచ్చిన ప్రతిదానికీ ఇరవై నాలుగు గంటల్లో జవాబు వెళ్లింది. కుళాయి కారుతోందన్నవారికి, మీ ఆవరణలో తేమ సంతృప్తికరంగా ఉందని రాశారు. పెళ్లి నమోదు కోరిన జంటకు, ఇద్దరి మధ్య ఆరడుగుల ఎడం పాటించాలని సూచించారు. ఎవరికీ పేజీ దొరకలేదన్న మాట కనిపించలేదు. పై అధికారులు చాలా సంతోషించారు.

దారులమ్మాయి తండ్రి గడియారాలు బాగుచేస్తాడు. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరి, ఆ నెలలోనే మూడుసార్లు చిన్న చక్రాలను నేలమీద జారవిడిచి, మోకాళ్ల మీద వెతుక్కున్నాడు. ఆసుపత్రిలో ఆపరేషన్ల జాబితా శుక్రవారం ఐదింటికి మూసేస్తారు. తప్పితే మళ్లీ ఏడాదికే. ఆసుపత్రివాళ్లు జనం చేతి కాగితాలు తీసుకోవడం మానేశారు. వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెడితే జవాబు వచ్చింది. దారులమ్మాయి తండ్రికి చదివి వినిపించింది: "తాము పేర్కొన్న రెండింటిలో ఎడమవైపుది ముందు కత్తిరించగలము. ఎత్తు, చుట్టుకొలత తెలుపగలరు."

"కత్తిరించడమేంటి తల్లీ?" అన్నాడు తండ్రి, తడుముకుని కుర్చీ అంచు పట్టుకుంటూ.

"ఆ జాబితా నేను రాసిందే నాన్నా. వరుస మాత్రం వాళ్లది."

"గడియారంలో చక్రాల్ని వయసు చూసి బిగిస్తే టైము చూపిస్తుందటే?"

ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మర్నాడు సిబ్బంది పేరుతో తలుపు తట్టింది. ఆ జాబితాను పెద్దవాళ్లెవరూ చూడలేదు గనుక అది సక్రమంగానే ఉంది. దరఖాస్తు నేరుగా ఆసుపత్రికే చేరింది, తండ్రి సిబ్బంది కాదని అంతే నేరుగా తిరిగొచ్చింది. జాబితాలో వరుస మార్చమని అర్జీ పెడదామంటే ఆ అర్జీ కూడా వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. పెట్టింది. దానికి వేపమొక్క మంజూరైంది.

శుక్రవారం మధ్యాహ్నం సమీక్షా సమావేశం. ఆమె లేచి నిలబడి, బుద్ధిగా చేతులు కట్టుకుని, "సార్, సభలో ముఖ్య అతిథి చివర మాట్లాడతారు. అంత పెద్ద శాఖని అందరికంటే ముందు నిలబెట్టడం మర్యాదగా లేదు," అంది.

డైరెక్టర్ మొహం వెలిగిపోయింది. "నిజమే. మమ్మల్ని చివర వెయ్యండి."

పని అయిపోయినట్టే. అంతలో నీటి శాఖాధిపతి గొంతు సవరించుకున్నాడు. "అంటే మేం ముఖ్యులం కామా?" పావుగంటలో పదకొండు శాఖలూ ఆఖరి స్థానం కోసం పట్టుబట్టాయి. కమిటీ వేశారు. అది తేల్చేదాకా జాబితాను ముట్టుకోరాదని తీర్మానించారు.

అప్పటికి నాలుగున్నర. కనీసం తండ్రి దరఖాస్తు కాగితాన్నైనా పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలని ఆమె ఉద్యానవనాల శాఖలోకి దూసుకెళ్లింది. అక్కడ గోడకు పది గుడ్డసంచులు వేలాడుతున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో శాఖ పేరు. పక్కన పాత గుమాస్తా చెప్పులు విప్పి పాదాలు ఒత్తుకుంటున్నాడు.

"బాబాయ్, మా నాన్న కాగితం..."

"గడియారాలాయనదేగా? పొద్దునే ఆసుపత్రిలో ఇచ్చొచ్చానమ్మా. జాబితాలో ఎక్కించేదాకా కదల్లేదు."

"జనం కాగితాలు వాళ్లు తీసుకోరుగా!"

"శాఖ నుంచి శాఖకి వెళ్తే తీసుకోక చస్తారా? ముద్ర మన దగ్గరుందిగా. జవాబులు రాసేది పై గదివాళ్లు. నేను అన్నీ ప్రింటు తీసి, ఎవరివి వాళ్లకి మోస్తాను. ఊరి కాగితాలన్నీ మన నెత్తిన పడితే చూస్తూ ఊరుకుంటామా?"

ఆమె విరిగిన కుర్చీ గది దాకా ఏడుస్తూనే వెళ్లింది. ఇన్ని రోజులూ తన వెబ్‌సైట్ పనిచేసింది ఆ రెండు పాదాల మీద.

తండ్రికి రెండు కళ్లూ బాగయ్యాయి. ఒక్క దరఖాస్తు కూడా దారి తప్పనందుకు వెబ్‌సైట్‌కు ఉత్తమ సేవా పురస్కారం వచ్చింది. డైరెక్టర్ అందుకున్నాడు, చివర మాట్లాడాడు. అదే వారం గుమాస్తాకు, అరవై మూడు పనిదినాలు సీట్లో కనబడనందుకు సంజాయిషీ కోరుతూ, ఉద్యానవనాల శాఖ చిరునామాతో వెబ్‌సైట్‌లో ప్రజల గుమ్మం ద్వారానే మెమో పంపారు.

దారులమ్మాయి ప్రజల గుమ్మం రికార్డులన్నీ తీసి చూసింది. నలభై వేల పైచిలుకు కాగితాల్లో, చేరవలసిన చోటికి తనంతట తాను చేరినది ఆ మెమో ఒక్కటే.