రెండు నిమిషాల దూరంలో ఇల్లు

ఒక పెద్ద అడవిలో, నాలుగు దిక్కులూ కొట్టినపిండి అయిన మహా ఇళ్ళ ఏజెంటు ఉండేది. సుందరం అనే కాకి. నాలుగంటే, మూడు. ఉత్తరాన డేగ ఉంటుంది, అటెప్పుడూ వెళ్ళలేదు.

సుందరానికి ఒక గొప్ప గుణం ఉంది. అబద్ధం చెప్పదు. తొర్ర ఇరుకైతే వెచ్చగా ఉంటుందనేది. తొర్రకి చిల్లుంటే గాలీ వెలుతురూ దండిగా ఉన్నాయనేది. ఇన్నాళ్ళూ ఇళ్ళు చూపించింది పక్షులకే.

ఒకనాడు రాజ్యం అనే కుందేలు వచ్చింది. నిండు చూలాలు. ఉన్న బొరియలోకి పాము దూరిందట. సుందరం ఖాళీగా ఉన్న ఇల్లొకటి చెప్పింది. రాజ్యం అడిగింది ఒక్కటే.

"పిల్లల్ని ఒంటరిగా వదిలి మేతకెళ్ళాలి సుందరంగారూ. ఆ ఇంటి నుంచి పచ్చిక బయలు ఎంత దూరం?"

"రెండు నిమిషాలమ్మా."

నిజమే, రెక్కలున్నవాళ్ళకి రెండు నిమిషాలే. మధ్యలో ముళ్ళడొంక, ఆ తర్వాత లోయ ఉన్నాయా అని రాజ్యం అడగలేదు. అడగనిది చెప్పడం ఏజెంట్ల మర్యాద కాదు. కడుపుతో తిరగలేనని, ఇల్లు చూడకుండానే రాజ్యం సరేనంది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. గృహప్రవేశం నాడు ఇల్లు చూపించినవాళ్ళే బయలు నుంచి ఒక గడ్డిపరక నోట కరుచుకుని, కొన్నవాళ్ళకి ముందు వెళ్ళాలి. కొన్నవాళ్ళు ఎలా వెళితే అలాగే.

సుందరం అలవాటుగా రెక్కలు విప్పింది. పురోహితుడైన తాబేలు శాస్త్రిగారు గొంతు సవరించుకున్నారు.

"నేల మీద, నాయనా. ఆవిడకి రెక్కల్లేవు."

సుందరం గెంతడం మొదలుపెట్టింది. రెండు నిమిషాలయ్యాయి, బయలు గట్టు కూడా దాటలేదు. గంటయింది. డొంకలో తోక ఈకలు మూడు ఊడాయి. నోట్లో గడ్డిపరక ఉంది కాబట్టి అయ్యో అనడానికీ లేదు. వెనక శాస్త్రిగారే ఆగి ఆగి నడవాల్సొచ్చింది.

లోయ అంచుకి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. రాజ్యం కిందికి చూసింది, తన పొట్ట చూసుకుంది, చతికిలబడింది. కోప్పడలేదు. అదే ప్రశ్న మళ్ళీ అడిగింది.

"నా కాళ్ళకి ఎంత దూరం?"

సుందరం గడ్డిపరక కింద పెట్టింది. "పోవడానికో పూట, రావడానికో పూట తల్లీ. పిల్లలు అంతసేపు ఆకలికి ఆగరు."

"ఈ ముక్క మొన్నే చెబితే మీ తోకైనా మిగిలేది కదా" అంది రాజ్యం.

వెనక్కొచ్చేసరికి సాయంత్రమైంది, రాజ్యానికి నొప్పులు మొదలయ్యాయి. బయలు ఒడ్డునే, బండ కింద, పొడిగా వెచ్చగా ఒక బొరియ ఉంది. సుందరం సైటు ఆఫీసు. ఆరుగురు పిల్లలూ అందులోనే పుట్టారు. ఖాళీ చెయ్యమనడానికి సుందరానికి నోరు రాలేదు. మేతకి నిజంగానే రెండు నిమిషాలు, కుందేలు కాళ్ళతో.

నీతి: నిజం దాచదలుచుకున్న ఏజెంటు ముందుగా నడక నేర్చుకోవాలి.

ఇదంతా ఇంత వివరంగా ఎలా తెలుసంటారా? ఆ మూడు ఈకలూ నావే. ఇంకా మొలవలేదు. సుందరం అన్న పేరు కూడా నేనే పెట్టుకున్నాను.