మా ఆయన చేసిన కొయ్య హంస

మా ఆయన బోర్డులు రాసే పెయింటరు. చేతిలో కుంచె ఉంటే ఎలకని ఏనుగు చేసేస్తానని ఆయన ధీమా. ఆ ధీమాయే ఒక చలికాలం మా కొంప ముంచబోయింది.

మా ఇల్లు చెరువు గట్టునే. చెరువు పూడ్చి రోడ్డు వేస్తాం, ఇల్లు ఖాళీ చెయ్యండని సర్కారు కాగితం వచ్చింది. చలికాలంలో వచ్చే పసుపు ముక్కు హంస ఒక్కటి కనబడినా చాలు, చెరువు జోలికి ఎవరూ రాకూడదని చట్టమట. ఏటా వచ్చేవి ఆ ఏడు రాలేదు. మర్నాడే పక్షుల లెక్కలాయన వస్తున్నాడు. మెడలో ఎప్పుడూ దుర్భిణి వేలాడుతుందని మేం ఆయన్ని దుర్భిణి దొర అనేవాళ్లం.

"రాకపోతే నేనే చేస్తానే," అన్నారు మా ఆయన.

కొయ్య చెక్కి, తెల్ల రంగు పూసి, ముక్కుకి పసుపు కొట్టి నా ముందు పెట్టారు.

"ముక్కు మొదట్లో ఆ నల్ల బుడిపె ఏంటండీ?"

"హంసకి ఉండదూ?"

"ఏడాదంతా ఇక్కడే ఉండే నారింజ ముక్కు దానికి ఉంటుంది. పసుపు ముక్కు దానికి ఉండదు. మెడ కూడా ఇలా వంకీ తిరగదు, కర్రలా నిటారుగా ఉంటుంది."

"బడి గడప తొక్కనిదానివి, నాకు పాఠం చెప్తావా?"

"బడిలో హంసలు లేవు కదండీ. నేను అంట్లు తోమేది చెరువులో."

"పొగమంచులో బుడిపె ఎవడు చూస్తాడే," అని, దాని మెడకి తాడు కట్టి, రెండో కొస నీళ్లలో రాయికి బిగించి వదిలారు.

తెల్లారింది. చేతిలో బకెట్టు చప్పుడు చేస్తోంది గానీ కనబడదు, అంత మంచు. నారింజ ముక్కువి లేచి ఎటో పోయాయి. వాటికి కూత తక్కువ, ఎగిరితే రెక్కలే మూలుగుతాయి. ఆ మూలుగు మా నెత్తి మీదుగా పోయాక ఇంక చప్పుడన్నది లేదు.

దొర వచ్చాడు. మా ఆయన దర్జాగా చెయ్యి చాపారు. "అదిగో సార్."

తాడు కట్టిన చోటే, తెల్లగా, కదలకుండా ఒకటి.

"మెడ నిటారుగా ఉంది," అన్నాడు దొర దుర్భిణిలోంచి. "పసుపు ముక్కు. బుడిపె లేదు."

మా ఆయన నా చెవిలో, "చూశావా, బుడిపె కనబడలేదు," అన్నారు.

"మీ బొమ్మ అక్కడ లేదండీ," అన్నాను నేనూ గుసగుసగా. "దొరికిపోతే మళ్లీ మన మాట నమ్మడని తెల్లారకముందే తాడు కోసి తెచ్చేశాను. ఇందాక మీరు స్నానం చేసిన నీళ్లు దాంతోనే కాచాను. అందుకే అంత పొగ."

"మరి... అదేంటే?"

"నాకేం తెలుసు."

అప్పుడది తల తిప్పింది. దొరని చూడలేదు, నన్ను చూడలేదు. తిన్నగా మా ఆయన్నే చూసి, బూర ఊదినట్టు ఒక్క కూత కూసింది.

ఆయన రెండు చేతులూ దొర ముందు చాపారు. "సార్, నేను చేసింది కొయ్యది. ఇదిగో, గోళ్లలో రంగు కూడా పోలేదు. ఇది నేను చేసింది కాదు సార్."

"మీవల్ల కాదని తెలుస్తూనే ఉందండీ," అని దొర పుస్తకంలో ఒకటి అని రాసుకుని వెళ్లాడు. చెరువు నిలిచింది, ఇల్లూ నిలిచింది.

పసుపు ముక్కువి ఎప్పుడూ గుంపుగా వస్తాయి, పగలు పొలాల్లో గడ్డి మేస్తాయి. ఇది మాత్రం చలికాలమంతా ఒంటరిగా అక్కడే ఉండి మా కిటికీకేసి చూసేది. మేత మేయగా నేను చూడలేదు. మా ఆయన కిటికీ తలుపు తీసేముందు దగ్గి, "వస్తున్నానండీ" అనేవారు.

ఎండలు ముదిరాక అది పోయింది. నేను నీళ్లలోకి దిగి ఆ తాడు లాగాను. కత్తిపీటతో నేను కోసిన తాడు కోసినట్టే లేదు. కొసన మా ఆయన ముడి ముడిలాగే ఉంది, మెడ పట్టేంత ఉచ్చుతో.

ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. అసలే ఇప్పటికీ ఎవరైనా బోర్డు మీద హంస వెయ్యమంటే, బాతు వేస్తానండీ అని బతిమాలుకుంటారు, పాపం.